ఆల్ప్స్ కొండ సత్రంలో ఒక రాత్రి: మొదటిసారి వెళ్లేవారికి

జర్మన్ భాషలో ‘హుట్టె’ అనే మాటకు నిఘంటువు గుడిసె అని అర్థం చెబుతుంది. అందువల్ల చదువుకో ఉద్యోగానికో మ్యూనిక్ వచ్చిన మనవాళ్లను ఎవరైనా ఆల్ప్స్ కొండల మీద హుట్టెలో ఒక రాత్రి ఉండి వద్దామని పిలిస్తే, కొందరు చెక్కపాకనో టెంటునో ఊహించుకుని జంకుతారు, మరికొందరు గది తాళం, వేడినీళ్ల స్నానం, వైఫై ఉండే హోటల్ అనుకుని బయలుదేరి అక్కడికి వెళ్లాక చిన్నబుచ్చుకుంటారు. నిజానికి మన భాషలో దానికి దగ్గరగా వచ్చే మాట సత్రం. కొండదారుల్లో నడిచేవారికి పడక, వేడి భోజనం, వాన తగలని చూరు ఇవ్వడం కోసం 19వ శతాబ్దంలో పర్వతారోహకుల సంఘాలు వీటిని కట్టించడం మొదలుపెట్టాయి. ఆస్ట్రియా ఆల్పైన్ సంఘం 1862లో, జర్మన్ ఆల్పైన్ సంఘం 1869లో పుట్టాయి. రెండోది పుట్టింది మ్యూనిక్‌లోనే, దాని ఊరూరి శాఖల చేతిలో ఇవాళ మూడు వందలకు పైగా హుట్టెలు ఉన్నాయి.

బయలుదేరేముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, అక్కడ విచిత్రంగా కనిపించే నియమాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. పైన ఉన్న ప్రతి బంగాళాదుంపా, ప్రతి గ్యాస్ సిలిండరూ, ప్రతి దుప్పటీ అడవిదారి జీపులోనో, సామాన్ల తీగమార్గంలోనో, అదీ లేనిచోట హెలికాప్టర్‌లోనో పైకి వెళ్లినవే. చెత్త కూడా అదే దారిన దిగాలి. నీళ్లు కొండ ఊటనుంచి వస్తాయి, కరెంటు చాలాచోట్ల సౌరఫలకాల నుంచో చిన్న జనరేటర్ నుంచో వస్తుంది. స్నానానికి డబ్బులెందుకు, మంచినీళ్ల సీసా అంత ఖరీదెందుకు అని అడిగే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

మొదటి ప్రయాణానికి నేను అందరికీ చెప్పేది బవేరియాలోని టుట్సింగర్ హుట్టె. సముద్రమట్టానికి 1,327 మీటర్ల ఎత్తున, బెనెడిక్టెన్‌వాండ్ అనే కొండ ఉత్తరపు గోడ కింద అది ఉంటుంది. కారు అక్కర్లేదు. మ్యూనిక్ నుంచి కోఖెల్ వెళ్లే ప్రాంతీయ రైలెక్కితే సుమారు గంటలో బెనెడిక్ట్‌బోయెర్న్ స్టేషన్‌లో దిగవచ్చు. దేశమంతటా ప్రాంతీయ రైళ్లలో చెల్లే నెలవారీ పాసు, డాయిచ్‌లాండ్ టికెట్, ఉన్నవారికి వేరే ఖర్చు లేదు. అది లేని బృందాలకు ఒక రోజుకు కలిపి కొనే బవేరియా టికెట్ చాలు, కానీ పనిదినాల్లో అది ఉదయం తొమ్మిది తరవాతే చెల్లుతుందని గుర్తుంచుకోవాలి. దారిలో స్టార్న్‌బెర్గ్ సరస్సు పక్కన టుట్సింగ్ అనే ఊరు వస్తుంది. హుట్టె ఆ ఊరి ఆల్పైన్ శాఖది, పేరూ అక్కడిదే.

స్టేషన్ దగ్గర ఎత్తు సుమారు 620 మీటర్లు, కాబట్టి ఎక్కవలసింది దాదాపు 700 మీటర్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవారికి ఈ ఎత్తు కొత్తది కాదు. పైగా ఇక్కడ మెట్లు లేవు, బెనెడిక్ట్‌బోయెర్న్ మఠాన్నీ ఊరినీ దాటి లైన్‌బాఖ్ వాగు లోయ వెంట వెడల్పైన అడవి బాటలో చాలాసేపు నడక సాగుతుంది. తేడా ఏమిటంటే, అలిపిరి దారిలో అడుగడుగునా దొరికే మజ్జిగ, జామకాయ ముక్కలు, వేడివేడి బజ్జీలు ఇక్కడ దొరకవు. లోయ దాటాక హుట్టె వరకు మీ సంచిలో ఉన్నదే మీకు దిక్కు.

ఎంతసేపు పడుతుందో ముందే లెక్కగట్టుకోవడానికి ఆల్పైన్ సంఘాలు నేర్పే సూత్రం ఒకటుంది. గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కుతామనీ, 500 మీటర్లు దిగుతామనీ, చదునుగా నాలుగు కిలోమీటర్లు నడుస్తామనీ అనుకుని, ఎత్తుకు పట్టే సమయాన్నీ దూరానికి పట్టే సమయాన్నీ విడివిడిగా చూసి, వాటిలో పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. ఎత్తు 700 మీటర్లు, దూరం ఎనిమిది కిలోమీటర్లు అనుకుందాం. ఎత్తుకు రెండు గంటల ఇరవై నిమిషాలు, దూరానికి రెండు గంటలు వస్తాయి. పెద్దదానికి చిన్నదానిలో సగం కలిపితే మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇందులో ఫొటోలూ, పులిహోర పొట్లం విప్పే విరామమూ లేవు. అలవాటు లేనివారు నలుగురైదుగురు కలిసి వెళ్తున్నప్పుడు నేను నాలుగున్నర గంటలు వేసుకుంటాను, ఇప్పటివరకు ఆ లెక్క తప్పలేదు.

పడక ముందే ఖాయం చేసుకోవడం

వేసవి శనివారాల్లో హుట్టెలు వారాల ముందే నిండిపోతాయి. ఆల్పైన్ సంఘాలు కొన్ని కలిసి నడిపే ఆన్‌లైన్ రిజర్వేషన్ వ్యవస్థ ఒకటుంది, చాలా హుట్టెలకు అందులోనే తేదీ, మంది సంఖ్య, పడక రకం ఎంచుకోవాలి. పడకలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి కొన్ని మంచాలుండే గది. రెండోది ‘మాట్రాట్సెన్‌లాగర్’, లేదా క్లుప్తంగా ‘లాగర్’, అంటే పెద్ద అరుగులాంటి బల్ల మీద పరుపులు పక్కపక్కనే పరిచి ఉండే హాలు. పెళ్లింట్లో మేడమీద చాపలు వేసి వరసగా పడుకున్నవారెవరికైనా ఇది తెలిసిన ఏర్పాటే, కాకపోతే ఇక్కడ పక్కన పడుకునేది బంధువు కాదు. ఆడవారికీ మగవారికీ వేరే హాళ్లు సాధారణంగా ఉండవు. ఇబ్బంది అనిపించేవారు బృందం మొత్తానికి ఒక చిన్న గది ముందుగానే అడగడం మేలు.

ఆల్పైన్ సంఘం సభ్యులకు లాగర్‌లో పడక కనీసం పది యూరోలు తక్కువకు వస్తుంది. సభ్యత్వంతో కొండల్లో ప్రమాదం జరిగినప్పుడు వెతికి కాపాడే ఖర్చుకు బీమా కూడా వస్తుంది. ఏడాదికి రెండు మూడు రాత్రులు వెళ్లేవారికి సభ్యత్వం నష్టం కాదని నా అభిప్రాయం. ఇరవై ఐదేళ్ల లోపువారికి రుసుము ఇంకా తక్కువ, కాబట్టి విద్యార్థులు దీన్ని తప్పక పరిశీలించాలి. ఒక్కసారి చూసి వద్దామనుకునేవారికి మాత్రం అవసరం లేదు, సభ్యులు కానివారికీ పడక ఇస్తారు.

రాలేకపోతే రద్దు చేయండి. ఇది మనవాళ్లకు నొక్కి చెప్పవలసిన మాట. వాన వచ్చిందని ఊరుకుని ఇంట్లో కూర్చుంటే డబ్బు పోవడం ఒక్కటే కాదు, చీకటి పడ్డాక కూడా మీరు చేరకపోతే దారి తప్పారేమోనని పైన వాళ్లు కంగారు పడతారు. హుట్టె ఏ నెలలో తెరుస్తారో, ఎప్పుడు మూసేస్తారో కూడా బుకింగ్ సమయంలోనే చూసుకోవాలి. కొండ మీద మే నెల చివర కూడా నీడ పట్టున మంచు మిగిలి ఉంటుంది, కాబట్టి మొదటి ప్రయాణానికి జూన్ నడుమ నుంచి సెప్టెంబరు చివరి వరకు ఉన్న రోజులు మంచివి.

సంచిలో ఏమి ఉండాలి

అన్నిటికన్నా ముందు ‘హుట్టెన్‌ష్లాఫ్‌సాక్’. పేరు పెద్దదే కానీ వస్తువు చిన్నది, దుప్పటిని మడిచి సంచిలా కుట్టినది. హుట్టెలో పరుపు, తలగడ, ఉన్ని దుప్పటి ఇస్తారు, కానీ రోజూ అన్ని దుప్పట్లు ఉతకడానికి పైన నీళ్లెక్కడివి? అందుకే ఒంటికి తగిలే పొర మీరు తెచ్చుకోవాలి, ఇది తప్పనిసరి. దుకాణంలో పట్టుదీ నూలుదీ రెండూ దొరుకుతాయి. నా దగ్గరున్నది మాత్రం అమ్మ పాత మంగళగిరి చీరను రెండు మడతలు వేసి, ఒక పక్కా అడుగునా కుట్టి, రెండో పక్క చెయ్యి దూరేంత వదిలి పంపినది. మడిస్తే చిన్న టిఫిన్ డబ్బా అంత అవుతుంది. పక్క పరుపు మీది జర్మన్ పెద్దావిడ దాని జరీ అంచు వేలితో తడిమి చూసి, ఎక్కడ కొన్నావని అడిగింది. నల్లుల బెడద వల్ల కొన్ని హుట్టెలలో ఈ సంచిని కాసేపు మైక్రోవేవ్‌లో పెట్టి ఇవ్వమంటారు. అవమానంగా భావించకండి, అందరికీ అదే నియమం. జరీ ఉన్నది మాత్రం అలాంటి చోటికి తీసుకుపోకూడదు.

నడకకు చీలమండను పట్టి ఉంచే, అడుగున లోతైన గాడులున్న బూట్లు కావాలి. లోపల తిరగడానికి పలచని చెప్పులు వేరే ఉండాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందని లెక్క, కాబట్టి కింద ఎండ మండుతున్నా ఒక ఉన్ని చొక్కా, నిజంగా నీళ్లాపే వాన జాకెట్, పొడిగా దాచిన ఒక జత మేజోళ్లు పెట్టుకోండి. జీన్సు వద్దు, ఒకసారి తడిస్తే తెల్లారినా ఆరదు. లీటరున్నర నీళ్లు, నుదుటికి కట్టుకునే దీపం, చెవుల్లో పెట్టుకునే దూది లేదా ప్లగ్గులు, పవర్ బ్యాంకు, చిన్న తువ్వాలు, మీరు వాడే మందులు, చెత్తకు ఒక ప్లాస్టిక్ సంచి. అంతా కలిపి ఆరేడు కిలోలు దాటకూడదు. కార్డు తీసుకోని హుట్టెలు ఇంకా చాలా ఉన్నాయి, అందుకని పడకకూ రెండు పూటల తిండికీ పానీయాలకూ కలిపి మనిషికి ఎనభై యూరోల నోట్లు జేబులో పెట్టుకుంటే నిశ్చింత.

వంట సామాను మాత్రం వద్దు. సొంత పొయ్యి వెలిగించడం లోపల నిషిద్ధం. మధ్యాహ్నానికి పులిహోరో చపాతీలో దారిలో తినడానికి తెచ్చుకోవచ్చు, నిమ్మకాయ పులిహోర ఆకలికీ చెమట పట్టిన ఒంటికీ బాగా పనికొస్తుంది. ఆవకాయ సీసా మూత తీసేది అడవిలో బల్ల మీదైతే మంచిది, కిటికీలు మూసిన భోజనశాలలో అయితే ఎదుటివారి ముఖాలు చూడవలసి వస్తుంది.

దారి

ఎండాకాలంలో ఆల్ప్స్‌లో ఉరుములు మెరుపులు మధ్యాహ్నం దాటాకే ఎక్కువ. అందుచేత మ్యూనిక్‌లో తొమ్మిది ప్రాంతంలో రైలెక్కి, పదిన్నరకల్లా నడక మొదలుపెట్టి, మూడున్నరకల్లా పైన ఉండేలా చూసుకోండి. ముందురోజు సాయంత్రం, మళ్లీ ఉదయం వాతావరణ సూచన చూడాలి. గాలివాన హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోవడమే సరి, పడక డబ్బు పోతే పోనీ.

బవేరియాలో పసుపు బోర్డులు దారి చూపుతాయి, వాటి మీద గమ్యం పేరూ పట్టే సమయమూ ఉంటాయి. పక్కన ఉండే చుక్క రంగు ముఖ్యం. నీలం తేలిక దారి, ఎరుపు మధ్యరకం, నలుపు అనుభవం ఉన్నవారికి. నలుపు చుక్క కనిపించాక, ఫోన్‌లోని పటం అది దగ్గరి దారి అని చెప్పినా అటు తిరగవద్దు.

ఐబెల్స్‌ఫ్లెక్ అనే పచ్చిక దగ్గర అడవి విడిపోయి, ఎదురుగా బెనెడిక్టెన్‌వాండ్ బూడిదరంగు గోడ ఒక్కసారిగా నిలువెత్తున కనిపిస్తుంది. ఇలాంటి పచ్చికల్లో ఆవులు మేస్తుంటాయి. వాటి మెడ గంటలు వినడానికి ముచ్చటగానే ఉంటాయి, గోమాతకు దండం పెట్టాలని కొందరికి అనిపిస్తుంది కూడా, కానీ దూరం నుంచే. దూడ ఉన్న ఆవు ఇక్కడ కట్టుగొయ్యకు కట్టి ఉండదు, దగ్గరికి వెళ్తే కుమ్ముతుంది. దూడతో సెల్ఫీ ప్రయత్నాలు అసలే వద్దు. దాటిన ప్రతి కంచె గేటునూ మళ్లీ మూసి వెళ్లాలి.

పైకి చేరాక

తలుపు దాటగానే బూట్ల గది ఉంటుంది. బూట్లూ కర్రలూ అక్కడే వదలాలి, మన ఇంటి అలవాటే కాబట్టి ఈ ఒక్క నియమం మనవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. తడి బట్టలకు ఆరబెట్టే గది వేరే ఉంటుంది. చీకటి పడితే అక్కడ ఇరవై జతల ఒకేరకం బూట్లు ఉంటాయి, లేసులకు ఒక రంగు దారం ముడి వేసుకుంటే ఉదయం వెతుకులాట తప్పుతుంది.

తరవాత ‘హుట్టెన్‌విర్ట్’ దగ్గరికి, అంటే సత్రం నడిపే ఆయనో ఆవిడో దగ్గరికి వెళ్లి పేరు చెప్పాలి. పడక ఆయన చూపిస్తారు, మీకు నచ్చిన చోట సంచి పడేయకూడదు. ‘హుట్టెన్‌బుఖ్’ అనే పుస్తకంలో పేరు, ఎక్కడినుంచి వచ్చారు, రేపు ఎటు వెళ్తున్నారు అన్నవి రాయమంటారు. ఇది సంతకాల సరదా కాదు, ఎవరైనా తప్పిపోతే వెతికేవారికి మొదటి ఆధారం ఆ వరసే. అందుకని అంకెలూ అక్షరాలూ స్పష్టంగా రాయండి.

ఇక్కడ ఒక చిన్న మర్యాద సంగతి. జర్మన్‌లో మన మీరు, నువ్వుల మాదిరే ‘జీ’, ‘డూ’ అని రెండున్నాయి. వెయ్యి మీటర్లు దాటాక అందరూ అందరినీ ‘డూ’ అనే పిలుచుకోవడం కొండల్లో ఆనవాయితీ. అరవై ఏళ్ల విర్ట్‌ను నువ్వు అనడానికి మనకు నోరు రాదు, నాకు ఇప్పటికీ రాదు. ‘జీ’ అన్నా ఎవరూ తప్పు పట్టరు, కానీ ఆయన మిమ్మల్ని ‘డూ’ అంటే అది చులకన కాదని మాత్రం తెలుసుకోండి.

భోజనం గురించి కాస్త విపులంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. వంటిల్లు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర ప్రాంతం వరకే నడుస్తుంది. నా మొదటి ప్రయాణంలో, వేరే కొండ మీద, ఎనిమిది దాటాక చేరితే పొయ్యి ఆర్పేసి ఉంది, ఆ రాత్రి మాకు దొరికింది రొట్టె, జున్ను మాత్రమే. మాంసాహారులకు చింత లేదు, కానీ గొడ్డుమాంసానికి ‘రింట్’, పందిమాంసానికి ‘ష్వైన్’ అనే మాటలు గుర్తుపెట్టుకోవాలి. శాకాహారులకు ఒకటి రెండు వంటకాలు ఉంటాయి. వాటిలో తరచు కనిపించేది ‘కేజెష్పెట్స్‌లె’, అంటే జున్నులో కలిపి పైన వేయించిన ఉల్లిపాయ చల్లిన మెత్తని పిండి ముక్కలు. చూడటానికి శాకాహారంలా కనిపించి కానివి మూడు ఉన్నాయి. కాయధాన్యాల సూపులో తరచుగా సాసేజి ముక్క తేలుతుంది. దోసె ముక్కల్లాంటివి వేసిన ‘ఫాన్‌కూఖెన్‌జుప్పె’లో రసం సాధారణంగా గొడ్డుమాంసపు ఎముకలతో కాచినది. ఇక ‘ష్పెక్’ అనే ఉప్పు పట్టించిన పందిమాంసం తునకలు ముద్దలలో, సలాడ్‌లో, బంగాళాదుంప వేపుడులో ఎక్కడైనా దూరుతాయి. మాంసం వద్దంటే కొందరు ష్పెక్ కూడా మాంసమేనన్న సంగతి మరిచిపోతారు కాబట్టి, ‘ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్’ అని రెండూ కలిపి చెప్పాలి. గుడ్డు తిననివారికి కష్టం ఇంకొంచెం ఎక్కువ, ష్పెట్స్‌లె పిండిలోనూ, ‘కైజర్‌ష్మార్న్’ అనే తీపి అట్టు ముక్కల్లోనూ గుడ్డు ఉంటుంది. వారు బుకింగ్ సమయంలోనే రాసి పంపితే ఉడికించిన బంగాళాదుంపలో కూరగాయలో ఏర్పాటు చేయడానికి వీలుంటుంది, అప్పటికప్పుడు అడిగితే వంటమనిషికి వెసులుబాటు ఉండదు. ‘బెర్గ్‌స్టైగర్ ఎస్సెన్’ అని రాసి ఉంటే అది సభ్యులకు తక్కువ ధరకిచ్చే కడుపునిండా తిండి.

తినేది పొడవాటి బల్లల మీద, ముక్కూ ముఖం తెలియనివారి పక్కన. చోటుందా అని అడిగి కూర్చోవాలి. తిన్నాక పళ్లేలు మీరే కౌంటర్ దగ్గర పెడితే సంతోషిస్తారు. మీరు తిన్నవీ తాగినవీ చాలాచోట్ల చీటీ మీద రాసుకుంటూ పోతారు, లెక్క రాత్రికే తీర్చేస్తే ఉదయం వరసలో నిలబడే పని ఉండదు.

రాత్రి పది గంటలకు ‘హుట్టెన్‌రూహె’, అంటే నిశ్శబ్దం మొదలవుతుంది, ఉదయం ఆరు వరకు ఉంటుంది. ఇది మాటవరసకు పెట్టిన నియమం కాదు, పదికి దీపాలు ఆర్పేస్తారు. ఇండియాలో అప్పటికి అర్ధరాత్రి దాటిపోతుంది కాబట్టి ఇంటికి వీడియో కాల్ చేయాలన్న ఉబలాటం ఎటూ తీరదు, చాలాచోట్ల సిగ్నల్ కూడా ఉండదు. పడుకునే ముందే ఉదయానికి కావలసినవి సంచి పైభాగంలో సర్దుకోండి. నిద్రపోతున్న హాలులో ప్లాస్టిక్ కవర్ల గరగర గురకకన్నా విసుగు తెప్పిస్తుంది. కొళాయి దగ్గర తాగడానికి పనికిరాదన్న అర్థంలో ‘కైన్ ట్రింక్‌వాసర్’ అని రాసి ఉంటే ఆ నీళ్లు చేతులు కడుక్కోవడానికే. టాయిలెట్‌లో కాగితం తప్ప ఇంకేమీ వేయకూడదు, మురుగునీటిని శుద్ధి చేసే చిన్న ఏర్పాటు అక్కడే ఉంటుంది, శానిటరీ ప్యాడ్లూ తడి టిష్యూలూ దాన్ని ఆపేస్తాయి.

ఉదయం, దిగుడు

ఫలహారం ఏడు ప్రాంతంలో ఉంటుంది. ఓపిక ఉన్నవారు సంచి హుట్టెలోనే వదిలి 1,801 మీటర్ల బెనెడిక్టెన్‌వాండ్ శిఖరం ఎక్కి రావచ్చు, కాకపోతే ఆ దారులు ముందురోజు నడిచినంత తేలిక కావు. ఏ వైపునుంచి ఎక్కాలి, రాళ్లు తడిగా ఉన్నాయా అన్నది విర్ట్‌ను అడిగి ఆయన వద్దంటే మానుకోండి. ఆ కొండ మీద ఆల్ప్స్ అడవిమేకలు, వెనక్కి వంగిన పెద్ద కొమ్ములవి, తిరుగుతుంటాయి. హుట్టె బయటి బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతూ గోడ మీద వాటిని వెతకడం కూడా తక్కువ పని కాదు.

బయలుదేరే ముందు దుప్పటి మడత పెట్టి, తలగడ దాని మీద ఉంచి, మీ చెత్తంతా మీ సంచిలోనే వేసుకోవాలి. దిగేటప్పుడు మోకాళ్లకు శ్రమ ఎక్కువ, కాబట్టి చిన్న అడుగులు వేయండి. ఎవరైనా పడి కదలలేకపోతే 112కు ఫోన్ చేసి ఎక్కడ, ఏమైంది, ఎంతమంది అన్నవి చెప్పాలి. సిగ్నల్ లేకపోతే ఆల్ప్స్ అంతటా తెలిసిన సంకేతం ఒకటుంది. పది సెకన్లకొకటి చొప్పున నిమిషంలో ఆరుసార్లు కేకో ఈలో దీపమో, తరవాత ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. అవతలివారు విన్నట్లయితే నిమిషానికి మూడు చొప్పున బదులిస్తారు.

ఇల్లు చేరాక స్నానానికి ముందు మోకాలి వెనక, నడుము దగ్గర, చంకల్లో, పిల్లలకైతే చెవుల వెనక కూడా పేలంత నల్లని పిడుదు పురుగు ఉందేమో చూసుకోండి. బవేరియా గడ్డిలో అవి ఎక్కువ, వాటివల్ల లైమ్ అనే బాక్టీరియా జబ్బు, ఒక రకం మెదడువాపు రెండూ రావచ్చు. కనిపిస్తే పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి, నెమ్మదిగా నిటారుగా లాగాలి, నూనె రాయకూడదు. ఆ చోట తరవాతి వారాల్లో ఎర్రని వలయం కనిపిస్తే డాక్టర్‌కు చూపించాలి. ఆ మెదడువాపుకు టీకా ఉంది, లైమ్‌కు లేదు. వేసవి ప్రయాణాలు అలవాటు చేసుకుందామనుకునేవారు ఆ టీకా గురించి చలికాలంలోనే డాక్టర్‌ను అడిగి పెట్టుకుంటే, గడ్డి పెరిగే రోజులకల్లా మొదటి రెండు మోతాదులూ పూర్తవుతాయి.